ఉత్తరం రాసిపెట్టి వెళ్లిపోయాడు, ఏడేళ్లు ఆగితే చాలా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. బావగారు రెండేళ్ల రెండు నెలల కింద "నా కోసం వెతకొద్దు" అని ఉత్తరం రాసి బీరువాలో పెట్టి, ఫోను కూడా ఇంట్లోనే వదిలేసి వెళ్లిపోయారు. చీటీలు, ప్రోనోట్లు, చేబదుళ్లు మెడ దాకా వచ్చాయి. ఎక్కడో వేరే పేరుతో బతుకుతున్నారని ఒకరిద్దరు అన్నారు గానీ కళ్లారా చూసినవాళ్లు లేరు. పరువు పోతుందని పోలీసులకి చెప్పలేదు. ఇంట్లో అక్క, ఇద్దరు పిల్లలు. ఆయన పేరున ఇల్లు, ఒక ఎల్‌ఐసీ పాలసీ, బ్యాంకు ఖాతా. "ఏడేళ్లు దాటితే చనిపోయినట్టే కదా, అప్పటిదాకా ఓపిక పడదామా? ప్రీమియం దండగ, ఆపేద్దామా?"

ఓపిక పట్టొద్దు, ప్రీమియం ఆపొద్దు. మన చట్టంలో మనిషి బతికైనా ఉండాలి, చనిపోయైనా ఉండాలి. బతికే ఉండి కనపడకుండా పోయినవాడికి విడిగా ఒక గది లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో అలాంటివాళ్ల ఆస్తి చూసుకోవడానికి సంరక్షకుణ్ణి నియమించే చట్టం 2019 నుంచి అమల్లో ఉంది, తొంభై రోజులు కనపడకపోతే చాలు అడగొచ్చు. మనకి అలాంటిది లేదు. కాబట్టి కోర్టు వేరేగా చెప్పేదాకా మీ బావగారు బతికున్నట్టే లెక్క. ఆయన ఇల్లు ఆయనదే, ఆయన ఖాతా ఆయనదే. ఆయన పోయిన రోజు ఏదో ప్రభుత్వ రికార్డులో లేదు కాబట్టి మీ రెండేళ్లు ఇంకా ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు. ముందు ఆ పని.

ఆయన చివరిగా ఉన్న ఇల్లు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తే అక్కడ అక్క చేత ఫిర్యాదు ఇప్పించండి. మన రెండు రాష్ట్రాల్లోనూ దీన్ని "మ్యాన్ మిస్సింగ్" అన్న శీర్షికతో ఎఫ్‌ఐఆర్‌గానే కడతారు. వేరే ఊరి స్టేషన్ అయినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి బదిలీ చేయాలి. ఫిర్యాదు ఒకటిన్నర పేజీ దాటనివ్వకండి. పూర్తి పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, రంగు, పదో తరగతి సర్టిఫికెట్‌లో రాసిన పుట్టుమచ్చలు, వెళ్లినరోజు వేసుకున్న బట్టలు, వాడే మందులు, మాట్లాడే భాషలు, బండి నంబరు, బ్యాంకు ఖాతా నంబర్లు. ఫోటోలు రెండు ఇవ్వండి, మీసంతో ఒకటి, లేకుండా ఒకటి. పెళ్లి ఆల్బమ్‌లోంచి చింపిన పాతికేళ్ల నాటి ఫోటో ఎవరికీ పనికిరాదు.

ఆలస్యానికి కారణం ఒక్క వాక్యంలో ఉన్నది ఉన్నట్టు రాయండి: "తిరిగి వస్తారని ఎదురుచూస్తూ, బంధువుల ఇళ్లలో వెతుకుతూ ఫిర్యాదు ఇవ్వలేదు." వెళ్లిన తేదీని నిన్నటికో మొన్నటికో మార్చి రాయించే ఆలోచన కొందరు చెబుతారు. అది చేయొద్దు. ఆ ఉత్తరం మీద తేదీ ఉంటే, ఆఫీసు హాజరు పట్టీలో తేదీ ఉంటే, ఐదేళ్ల తర్వాత కోర్టులో మీ అక్కే అబద్ధం చెప్పినట్టు తేలుతుంది. అలాగే ఊహలు రాయొద్దు. "ఫలానా ఆమెతో వెళ్లి ఉంటాడు", "ఫలానా అప్పులవాడు చంపి ఉంటాడు" అని కోపంలో రాసిన ఒక్క వాక్యం మొత్తం కేసుని పక్కదారి పట్టిస్తుంది.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదుని ఎస్పీకి లేదా డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

ఉత్తరం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మడత విప్పి, కలర్ జిరాక్సు రెండు తీయించి, అసలుని ప్లాస్టిక్ కవరులో పెట్టండి. లామినేషన్ చేయించొద్దు, చేయిస్తే ఫోరెన్సిక్ పరీక్షకి ఇబ్బంది. పోలీసులు అసలు కావాలంటే ఇవ్వండి గానీ, ఇచ్చినట్టు సంతకంతో కాగితం తీసుకోండి. ఆయన చేతిరాత ఉన్న పాత నోటుపుస్తకం, చెక్కుబుక్కు అడుగుకాగితాలు కూడా పక్కన పెట్టండి. ఆ ఉత్తరంలోని ప్రతి మాటా తర్వాత రెండు వైపులా పనికొస్తుంది. "వెతకొద్దు" అంటే ఇష్టపూర్వకంగా వదిలి వెళ్లాడనడానికి సాక్ష్యం. "ఇక బతకను" అని ఉంటే దారి వేరు.

ఆయన వదిలిన ఫోను ఎవరి దగ్గరుంది? ఫార్మాట్ చేసి పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులకి ఇచ్చేస్తుంటారు. ఇవ్వకండి. టెలికాం కంపెనీలు కాల్ వివరాలు కనీసం రెండేళ్లు దాచాలని లైసెన్సు నిబంధన. మీకు రెండేళ్ల రెండు నెలలు. ఆయన వెళ్లిన నెల కాల్ జాబితా కంపెనీ దగ్గర ఇప్పటికే చెరిగిపోయి ఉండొచ్చు. మిగిలిన ఒకే ఒక్క కాపీ ఆ ఫోనులో ఉన్నదే. బస్టాండు, ఏటీఎం సీసీ కెమెరాల దృశ్యాలైతే కొద్ది వారాల్లోనో నెలల్లోనో చెరిగిపోతాయి, అవి ఎప్పుడో పోయాయి.

చెప్పడానికి బాధగానే ఉన్నా, ఫిర్యాదు ఇచ్చిన వారంలోనే చేయాల్సిన పని ఇంకోటుంది. ఆయన వెళ్లిన రోజు నుంచి నెలన్నర వరకు చుట్టుపక్కల జిల్లాల్లో దొరికిన గుర్తుతెలియని మృతదేహాల వివరాలు చూడమని అడగండి. మామూలు స్టేషన్లతో పాటు రైల్వే పోలీసుల రికార్డులు విడిగా ఉంటాయి. సికింద్రాబాద్, కాచిగూడ, విజయవాడ లాంటి చోట్ల పట్టాల మీద దొరికిన కేసులు వాళ్లవే. శవాన్ని కొద్దిరోజులే ఉంచుతారు, తర్వాత మున్సిపాలిటీ వాళ్లు ఖననం చేస్తారు. కానీ శవపంచనామా కాగితాలు, ఫోటోలు, బట్టలు మిగులుతాయి. డీఎన్‌ఏ నమూనా తీసి ఉంటే తల్లి రక్తంతోనో పిల్లల రక్తంతోనో పోల్చవచ్చు. అక్క అత్తగారు ఉన్నారంటే, ఆవిడ నమూనా ఆవిడ ఉండగానే ఇప్పించడం తెలివైన పని.

పోలీసుల నుంచి ఏం ఆశించొచ్చో కూడా తెలిసి ఉండాలి. మేజర్ అయిన మనిషి ఇష్టపడి ఇల్లు వదలడం నేరం కాదు. ఆయన దొరికితే స్టేటుమెంటు రాసుకుంటారు. "నా ఇష్టంతోనే వచ్చాను, ఇంటికి వెళ్లను" అంటే కేసు మూసేస్తారు, బలవంతంగా బండెక్కించి తీసుకురారు. అడ్రసు చెప్పొద్దని ఆయన అంటే మీకు అది కూడా చెప్పకపోవచ్చు. హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే పిటిషన్) వేద్దామని కొందరు లాయర్లు ఫీజు తీసుకుంటారు. ఎవరో ఆయన్ని అక్రమంగా నిర్బంధించారని చూపించలేకపోతే అది నిలవదు. ఇదంతా భర్త పారిపోయిన సందర్భం కాబట్టి చెబుతున్నాను. కొట్టే మొగుడి నుంచి తప్పించుకున్న భార్య విషయంలో ఈ గోప్యతే ఆమె ప్రాణం. అప్పుడు ఎవరైనా "మా ఆవిడ ఎక్కడుందో కనుక్కోండి" అని ఈ సలహాలు అడిగితే ఇవ్వకూడదు.

ఇక "వేరే పేరుతో బతుకుతున్నాడు" అన్న మాట. కొత్త పేరు పెట్టుకోవడం తేలిక, కొత్త మనిషి కావడం కష్టం. చట్టప్రకారం పేరు మార్చుకుంటే అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ కావాలి. గెజిట్‌లో పాత పేరు, తండ్రి పేరు, అడ్రసు కొత్త పేరు పక్కనే అచ్చవుతాయి. దాక్కోవాలనుకున్నవాడు ఆ దారిలో వెళ్లడు. రెండో ఆధార్ తీద్దామంటే పది వేళ్లు, రెండు కనుపాపలు పాత రికార్డుతో కలిసిపోయి నమోదు తిరస్కరణకు గురవుతుంది. మరి ఎలా బతుకుతారు? కాగితం అడగని చోట్ల. క్యాటరింగ్ బృందాలు, లారీ క్లీనరు పని, కూలి అడ్డాలు, రొయ్యల చెరువుల కాపలా, తిరుపతి, షిరిడీ, అరుణాచలం, కాశీ లాంటి క్షేత్రాల్లో అన్నదానం, గది సేవ. సిమ్ ఇంకొకరి పేరు మీద, జీతం చేతికి. పనిచేసే చోట "రాజు" అనో "స్వామి" అనో పిలుస్తారు, ఇంటిపేరు ఎవరూ అడగరు.

రెండు మూడేళ్లు ఇలా గడుస్తాయి. తర్వాత ఒక్కో అవసరం మెడ మీద కూర్చుంటుంది. ఆపరేషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీకి కార్డు కావాలి. డ్రైవింగ్ లైసెన్సు గడువు తీరిపోతుంది. సూపర్‌వైజరు పని దొరికితే పీఎఫ్ కట్టాలంటారు, ఆధార్ ఇవ్వగానే పాత పీఎఫ్ నంబరే (యూఏఎన్) లేస్తుంది. బ్యాంకు ఖాతా తెరిస్తే పాన్ అడుగుతారు. ఎక్కువమంది బయటపడేది ఇలాంటి చోటే, లేదా మనసు ఆగక. తల్లికి బాగోలేదని తెలిసి, కూతురి పుట్టినరోజున, సంక్రాంతికి, తెలియని నంబరు నుంచి ఫోను వస్తుంది, అవతల ఎవరూ మాట్లాడరు. అలాంటి కాల్ వస్తే తిట్టకండి, ఏడవకండి, నంబరూ తేదీ సమయమూ రాసుకుని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. టవరు ఎక్కడిదో వాళ్లు చూడగలరు, మీరు చూడలేరు. "పాతికవేలిస్తే కాల్ డేటా తెచ్చిస్తా" అనే ప్రైవేటు డిటెక్టివుకి డబ్బివ్వొద్దు. అది దొంగిలించిన సమాచారం, కొన్నవాడూ కేసులో ఇరుక్కుంటాడు.

"ఆధార్‌తో కనుక్కోవచ్చు కదా" అని అందరూ అడుగుతారు. వేలిముద్రలు పోలీసులకి కూడా ఇవ్వడానికి ఆధార్ చట్టం ఒప్పుకోదు. మిగతా వివరాలకి హైకోర్టు జడ్జి ఉత్తర్వు కావాలి. ఆధార్ వల్ల దొరికినవాళ్లు ఎక్కువగా ఆశ్రమాల్లో, అనాథ శరణాలయాల్లో ఉన్నవాళ్లు. అక్కడ కొత్తగా నమోదు చేయబోతే పాత కార్డు ఉన్నట్టు తేలి ఇల్లు తెలుస్తుంది.

గల్ఫ్‌లో మాయమైనవాళ్ల కథ ఇంకో రకం. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు దీనికి మాటే ఉంది, "ఖల్లివల్లి అయిండు" అంటారు. కఫీల్ (అక్కడ పనికి పిలిపించుకున్న యజమాని) దగ్గర్నుంచి పారిపోయి, పాస్‌పోర్టు వాడి దగ్గరే వదిలేసి, బయట దొంగచాటు పనిచేసుకోవడం. సౌదీలో యజమాని "హురూబ్", అంటే పనివాడు పారిపోయాడని రాయించాడంటే ఆ మనిషికి పని, ప్రయాణం రెండూ మూసుకుపోతాయి. ఒకప్పుడు కొత్త పేరుతో పాస్‌పోర్టు తీసి మళ్లీ వెళ్లినవాళ్లున్నారు. విమానాశ్రయాల్లో వేలిముద్రలు, కనుపాపల తనిఖీ వచ్చాక ఆ దారి మూసుకుంది. మీ బావగారు అటు వెళ్లి ఉండొచ్చన్న అనుమానం ఉంటే ముందు పాస్‌పోర్టు ఇంట్లో ఉందో లేదో చూడండి. లేకపోతే ఎఫ్‌ఐఆర్ కాపీతో విదేశాంగ శాఖ "మదద్" పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. తిరిగొచ్చేవాళ్లు సాధారణంగా క్షమాభిక్ష ప్రకటించినప్పుడు రాయబార కార్యాలయం ఇచ్చే అవుట్‌పాస్ (పాస్‌పోర్టు బదులు ఇచ్చే తాత్కాలిక పత్రం) మీద వస్తారు.

ఇప్పుడు ఏడేళ్ల సంగతి. 1872 సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 111వ సెక్షన్. అది చెప్పేది ఇంతే: ఒక మనిషి బతికుంటే సహజంగా ఎవరికి కబురు తెలియాలో వాళ్లకి ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే, బతికున్నాడని నిరూపించే భారం అలా అనేవాడి మీద పడుతుంది. ఏడేళ్లు నిండిన రోజు తెల్లారేసరికి మనిషి చనిపోయినట్టు ఎక్కడా నమోదు కాదు. కోర్టులో ఆ ప్రశ్న లేవనెత్తినప్పుడే ఆ ఊహకి ప్రాణం వస్తుంది. ఏ తేదీన చనిపోయాడన్నది చట్టం ఊహించదు, ఆ తేదీ కావాలన్నవాళ్లు వేరే సాక్ష్యంతో నిరూపించుకోవాలి. ఒక ఎల్‌ఐసీ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది.

మీ కేసులో చిక్కు "ఎవరో చెప్పారు" దగ్గరుంది. కబురు అందిందంటే ఏడేళ్ల లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలు. కాబట్టి ఆ ఒకరిద్దరిని పట్టుకుని అడగండి: చూశారా, విన్నారా? ఎవరి నోట, ఎక్కడ, ఎప్పుడు? నిజంగా చూసినట్టయితే పోలీసులకి చెప్పించండి. గాలివార్త అయితే అలాగని రాసి పెట్టుకోండి, ఊళ్లో మీరే దాన్ని ప్రచారం చేయకండి. రేపు కోర్టులో అవతలి లాయరు ఆ ఊరివాణ్ణే సాక్షిగా పిలుస్తాడు.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోవాళ్లే తెలియక కొట్టుకునేది. ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయడం, ఆయన ఫోనులోని యూపీఐతో కరెంటు బిల్లు కట్టడం, ఫారాల మీద ఆయన సంతకం అక్క పెట్టేయడం, ఆయన పేరున ఆదాయపన్ను రిటర్ను వేయించడం. ఖాతా పుస్తకంలో ఆయన వెళ్లిన ఏడాదిన్నరకి "ఏటీఎం విత్‌డ్రాయల్ 5,000" అని అచ్చయి ఉంటే, "మనిషి బతికే ఉన్నాడు, డబ్బు తీసుకుంటున్నాడు" అని బీమా కంపెనీ లాయరు ఆ ఒక్క వరుస చూపిస్తే చాలు. తీసింది నేనే అని అక్క చెబితే, అది ఇంకో నేరం ఒప్పుకోవడం. ఇప్పటికే ఇలా జరిగి ఉంటే ఇవాళ్టితో ఆపి, లాయరుకి ముందే నిజం చెప్పండి.

ఏడేళ్లూ చేయాల్సిన పని ఫైలు పెంచడం. జిల్లా ఎడిషన్‌లో "కనబడుటలేదు" ప్రకటన కనీసం రెండుసార్లు, ఏడాది తేడాతో వేయించండి. ముక్క కత్తిరించకుండా తేదీ కనపడేలా పేజీ మొత్తం దాచండి. తేదీ లేని కత్తిరింపు జిరాక్సుని కోర్టు పట్టించుకోదు. ఆర్నెల్లకోసారి స్టేషన్‌కి రాసి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో అడిగి రసీదు తీసుకోండి, జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. చివరికి మీకు కావాల్సింది "జాడ తెలియలేదు" అన్న పోలీసు తుది నివేదిక.

ఏడేళ్లు నిండాక, చనిపోయినట్టు ప్రకటించమని సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేయాలి. జనన మరణాల రిజిస్ట్రారుని, అవసరమైతే ఎల్‌ఐసీని, బ్యాంకుని ప్రతివాదులుగా చేర్చాలి. ప్రభుత్వం ప్రతివాది అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఇది మర్చిపోయి వేసిన దావాలు వెనక్కి వస్తుంటాయి. సాక్షులుగా అక్క ఒక్కతే సరిపోదు. కబురు తెలిస్తే మొదట తెలిసేది తల్లికి, అన్నదమ్ములకి. వాళ్లు బోనెక్కకపోతే ఎందుకెక్కలేదని జడ్జి అడుగుతాడు. అత్తింటివాళ్లతో ఇప్పుడు మాటల్లేకపోయినా ఈ ఒక్క కారణానికైనా తెంచుకోవద్దు. డిక్రీ వచ్చాక దాంతో మరణ ధ్రువపత్రం, ఆ తర్వాత ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మ్యుటేషన్ (ఆస్తి రికార్డుల్లో పేరు మార్పు). ఏడేళ్లు నిండాక మళ్లీ ఏళ్ల తరబడి నాన్చితే కాలపరిమితి గొడవ వస్తుంది.

పాలసీ దగ్గరికి వద్దాం. డిక్రీ వచ్చేదాకా ప్రీమియం కట్టాల్సిందే. పాలసీ నంబరు ఉంటే ఎవరైనా కట్టొచ్చు. ఆపేస్తే పాత తరహా పొదుపు పాలసీకి ఇప్పటిదాకా కట్టినదాని మేరకు పెయిడప్ విలువే మిగులుతుంది, టర్మ్ పాలసీ అయితే అదీ ఉండదు. పునరుద్ధరిద్దామంటే ఆరోగ్య ప్రకటన మీద పాలసీదారు సంతకం కావాలి. మాయమైన మనిషి సంతకం ఎక్కడ తెస్తారు? నిజంగా కట్టలేని స్థితి అయితే ఎంత నష్టమో బ్రాంచిలో లెక్క రాయించుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

ఈ ఏడేళ్లలో ఆయన అక్కతో మాట్లాడితే, మాట్లాడిన సంగతి దాచి క్లెయిము వేస్తే, అది మోసం. బ్రిటన్‌లో జాన్ డార్విన్ 2002లో పడవ మునిగి చనిపోయినట్టు నటించాడు. భార్య బీమా, పెన్షన్ డబ్బు తీసుకుంది. 2007 డిసెంబరులో తనే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, ఏమీ గుర్తులేదన్నాడు. పనామాలో ఇద్దరూ నవ్వుతూ దిగిన ఫోటో ఇంటర్నెట్‌లో వెతికితే దొరికింది. ఆయనకి ఆరేళ్ల మూడు నెలలు పడితే, భార్యకి ఆరేళ్ల ఆరు నెలలు పడింది.

బ్యాంకులో నామినీగా అక్క పేరున్నా అది మరణం తర్వాతే పనిచేస్తుంది. చిన్న మొత్తాల వరకు ఎఫ్‌ఐఆర్, జాడ తెలియలేదన్న పోలీసు నివేదిక, ఇండెమ్నిటీ బాండు (తర్వాత తేడా వస్తే నష్టం మేమే భరిస్తామన్న హామీ పత్రం) తీసుకుని కోర్టు ఉత్తర్వు లేకుండా ఇచ్చే వీలు రిజర్వు బ్యాంకు 2008లో కల్పించింది. పరిమితి ఎంతో మీ బ్యాంకులో అడగండి. కౌంటరులో ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలియకపోవచ్చు, మేనేజరుకి రాతపూర్వకంగా పెట్టండి. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే ఏడేళ్లు ఆగక్కర్లేదు, ఎఫ్‌ఐఆర్ తేదీ నుంచి ఆరు నెలలు దాటాక కుటుంబ పెన్షన్ అడగొచ్చు. పోలీసుల దగ్గరికి వెళ్లకుండా పోగొట్టుకున్న రెండేళ్ల విలువ ఇక్కడ రూపాయల్లో కనపడుతుంది.

ఇల్లు అమ్మే హక్కు, తనఖా పెట్టే హక్కు అక్కకి లేవు, పన్ను మాత్రం కట్టొచ్చు. రసీదు ఆయన పేరునే వస్తుంది, రానివ్వండి. హోంలోను ఉండి అక్క సహరుణగ్రహీత అయితే కిస్తీ ఆమె బాధ్యతే.

అప్పులవాళ్లకి చెప్పాల్సింది ఒకటే. అక్క సంతకం, హామీ లేని అప్పుకి ఆమె ఆస్తి, ఆమె జీతం, ఆమె బంగారం జవాబుదారీ కాదు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్నది ఊరి మాట. 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పుకి ఆ ఒక్క కారణం మీద కొడుకు మీద దావా కుదరదని హిందూ వారసత్వ చట్టమే అంటోంది. రేపు ఇల్లు వారసత్వంగా వస్తే దాని విలువ మేరకు మాత్రం అప్పులు అంటుకుంటాయి. ప్రోనోటుకి మూడేళ్ల కాలపరిమితి ఉంది కాబట్టి వాళ్లు అక్క దగ్గరికొచ్చి "ఇక్కడొక సంతకం పెట్టమ్మా, ఊరికే" అంటారు. ఆ సంతకం పెట్టిందా, అప్పు అక్కదైపోతుంది. ఇంటిమీదకొచ్చి గొడవ చేస్తే అదే స్టేషన్‌లో వేరే ఫిర్యాదు.

పెళ్లి విషయం. హిందూ వివాహ చట్టంలో రెండు దారులున్నాయి. రెండేళ్లకి తగ్గకుండా వదిలేసి ఉంటే ఎడబాటు కారణంగా విడాకులు ఇప్పుడే అడగొచ్చు, "వెతకొద్దు" అన్న ఉత్తరం దానికి గట్టి సాక్ష్యం. సమన్లు అందజేయలేకపోతే పత్రికలో ప్రకటన ద్వారా అందజేసేందుకు కోర్టు అనుమతిస్తుంది. రెండో దారి ఏడేళ్లు కబురు లేకపోవడం. ఏది ఎంచుకున్నా రెండు చోట్ల రెండు మాటలు చెప్పొద్దు. విడాకుల పిటిషన్‌లో "బెంగళూరులో ఉంటున్నాడని తెలిసింది" అని రాసి, తర్వాత బీమా దావాలో "ఏ కబురూ లేదు" అంటే రెండోది కూలిపోతుంది. పైగా విడాకులు తీసుకున్నాక ఆమె వారసురాలు కాదు, పిల్లలు, ఆయన తల్లి ఉంటే ఆవిడా వారసులు. మళ్లీ పెళ్లి ఆలోచన లేకపోతే తొందర అక్కర్లేదు. ముస్లిం స్త్రీలకి 1939 చట్టం ప్రకారం నాలుగేళ్లు చాలు, డిక్రీ వచ్చాక ఆరు నెలలకి అమల్లోకి వస్తుంది.

కాషాయం కట్టి ఏదో ఆశ్రమంలో ఉన్నాడని తేలితే ఇంకో ప్రశ్న పుడుతుంది. సన్యాసం మన చట్టం ఒప్పుకునే మాయమవడం. అది విడాకులకి విడిగా ఒక కారణం కూడా. అయితే గడ్డం పెంచి రుద్రాక్షలు వేసుకుంటే చాలదు, తనకి తనే శ్రాద్ధం పెట్టుకుని, విరజాహోమం చేసి, గురువు దగ్గర దీక్ష తీసుకుని సంసారం పూర్తిగా వదిలినట్టు చూపించాలి. అప్పులకి భయపడి మఠంలో వడ్డన చేస్తున్నవాడు గృహస్థే.

అక్క రోజు గడవడానికి చిన్న ఆసరాలు కొన్ని ఉన్నాయి. భర్తకి దూరమై ఏడాది దాటిన స్త్రీలకి తెలంగాణలో 2017 నుంచి ఒంటరి మహిళల పెన్షన్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒంటరి మహిళల విభాగం ఉంది. అర్హతలు ఎంపీడీవో కార్యాలయంలో గానీ సచివాలయంలో గానీ అడగండి, ఎఫ్‌ఐఆర్ కాపీ అక్కడా పనికొస్తుంది. పిల్లలకి పాస్‌పోర్టు కావాలంటే తండ్రి సంతకం లేకుండా అనెక్సర్-సి ప్రకటనతో దరఖాస్తు చేయొచ్చు.

ఆయన దొరికితే లేదా తనే వస్తే ఏం చేయాలన్నది కూడా ఇప్పుడే తెలుసుకుని ఉండండి. ఇచ్చిన చెక్కులు బౌన్సై కేసులు నడుస్తుంటే ఈపాటికి నాన్‌బెయిలబుల్ వారెంట్లు ఉండొచ్చు. ముందు లాయరు ద్వారా కోర్టులో హాజరై వారెంట్ రీకాల్ (రద్దు) చేయించుకోవాలి, అవి రాజీ కుదిరే కేసులే. తీర్చలేని అప్పులకి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టుకోవచ్చు. దాని గురించి మన ఊళ్లలో చిన్నచూపు ఉంది గానీ 1920 చట్టం ఉన్నదే అందుకు, అరెస్టు నుంచి రక్షణ కూడా కోర్టుని అడగొచ్చు. చిత్రమేమిటంటే, అప్పులవాళ్లని తప్పించుకోవడానికి ఇల్లు వదిలి పోవడాన్ని ఆ చట్టం దివాలా చర్యల్లో ఒకటిగా రాసింది. వెళ్లిన మూడు నెలల్లోపు అప్పులవాళ్లే ఆయన మీద ఐపీ వేసి ఉండొచ్చు. వారెంట్ల సంగతి తేలాక ఆయన్ని వెంటబెట్టుకుని మొదట ఫిర్యాదు ఇచ్చిన స్టేషన్‌కి వెళ్లి, స్టేటుమెంటు ఇప్పించి, మిస్సింగ్ కేసు మూసినట్టు కాగితం తీసుకోండి.